పిల్లల కాలి ఎముకలు: విరుపు, అతుకు

కాలి ఎముక విరిగిన పెద్దవాడు మరల నడచుటకు నెలలు పట్టును. తొడ ఎముక విరిగిన మూడేండ్ల పిల్లవాడు నెలన్నర తిరుగునప్పటికే లేచి నిలువజూచును. ‘పసి ఎముక, త్వరగా అతుకును’ అని పెద్దలు తల్లిని ఓదార్చుట అన్ని ఊళ్ళలోను విన్నదే. ఆ మాట నిజము. కాని అది సగము మాత్రమే. పసి ఎముక త్వరగా అతుకును. అశ్రద్ధ చేసినచో ఆ పొరపాటును కూడ తనతోపాటు పెంచుకొనును. పదేండ్ల వయసున ఎవరును గుర్తింపని చిన్న విరుపు వలన, పదునారేండ్లు వచ్చునప్పటికి ఒక కాలు పొట్టిదగుటయో, మోకాలు వంకరపోవుటయో సంభవింపవచ్చును.

పిల్లల ఎముక ఎట్లు విరుగును? ఏల విరుగును? ఎట్లు అతుకును? ఈ మూడు ప్రశ్నలకు సరియైన సమాధానము దొరకుటకు రెండువేల యేండ్లు పట్టినది. ఆ సమాధానములో కొంత ఆసుపత్రులలో దొరకినది. కొంత కోళ్ళ గూటిలో, కొంత బట్టలపై రంగులద్దు కార్ఖానాలో, కొంత ఎముకలు కట్టువారి ఇంటి అరుగుమీద దొరకినది. ఈ కథలో తెలుగుదేశమునకు కూడ పాలున్నది.

విశాఖపట్నపు పెద్దాసుపత్రి

విశాఖపట్నమున 1923వ సంవత్సరమున వైద్య కళాశాలయు, కింగ్ జార్జి ఆసుపత్రియు ప్రారంభమైనవి. ఆ కళాశాలయే తరువాత ఆంధ్ర వైద్య కళాశాల యని పేరు పొందినది. నాటినుండి ఉత్తరాంధ్ర జిల్లాల ప్రజలకు, ఒడిశా సరిహద్దు ప్రజలకు ఇదియే పెద్దాసుపత్రి. విరిగిన కాళ్ళతో పిల్లలు ఇచ్చటికి వచ్చు మార్గము కాలమునుబట్టి మారినది. పల్లెలనుండి ఎడ్లబండ్లలో వచ్చిరి. పాడేరు, అరకు కొండలనుండి డోలీలలో మోసికొని వచ్చిరి. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 108 వాహనముల సేవ మొదలైనది. దారిలేని కొండ గూడెముల వారికి మాత్రము వాహనము నిలుచు చోటి వరకు నేటికిని డోలీయే గతి.

పట్టణము కూడ మారినది. 1933లో ఓడరేవు ప్రారంభమయ్యెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు జాతీయ రహదారి నగరము మధ్యగా సాగుచున్నది. కొండవాలులమీద ఇండ్లు లేచినవి. పెంకుటిండ్లున్న చోట్ల మేడలు వచ్చినవి. చెట్టుమీదినుండి పడు పిల్లలతోపాటు మేడమీదినుండి పడువారు, మోటారు వాహనము తగిలి పడువారు కూడ ఆసుపత్రికి రాసాగిరి. పిల్లల ఎముకల స్వభావము మారలేదు. వానిని విరుచు బలములు మారినవి. కావున ముందుగా ఎముక స్వభావమును తెలిసికొని, తరువాత ఆ బలములను చూచుట మంచిది.

వేపపుల్ల, సుద్దముక్క

ఎండిన వేపపుల్లను వంచినచో ‘టక్కు’మని రెండు ముక్కలగును. అప్పుడే కోసిన పచ్చిపుల్లను వంచినచో అట్లు కాదు. మొదట వంగును, ఇంకను వంచినచో వెలుపలి వైపు పీచు చీలును, లోపలి వైపు మాత్రము తెగక అంటియుండును. పిల్లల ఎముకయు పచ్చిపుల్ల వంటిదే.

ఎముకలో రెండు ముఖ్య పదార్థములున్నవి. కొల్లాజెను అను మాంసకృత్తు పోగులు ఎముకకు సాగెడు గుణము నిచ్చును. కాల్షియము, భాస్వరము కలిసిన లవణములు గట్టిదనము నిచ్చును. పిల్లల ఎముకలో లవణముల పాలు పెద్దల ఎముకలోకంటె తక్కువ. సన్నని రంధ్రములు ఎక్కువ. అందువలన అది విరుగుటకు ముందు వంగగలదు. ఇంతేగాక, ఎముకను అంటిపెట్టుకొని పర్యస్థిక అను పొర ఉండును. పెద్దలలో ఇది పలుచన, పిల్లలలో దళసరి. ఎముక విరిగినను ఈ పొర ఒకవైపున తెగక నిలిచి, ముక్కలను చెదరనీయక పట్టియుంచును. కొత్త ఎముకను నిర్మించు కణములు కూడ దానిలోనే ఉన్నవి. పిల్లల ఎముక త్వరగా అతుకుటకు ఇది ముఖ్య కారణము.

ఈ స్వభావమును బట్టి పెద్దలలో కనబడని కొన్ని విరుపులు పిల్లలలో కనబడును. ఎముక విరుగక విల్లువలె వంగి అట్లే నిలిచిపోవుట ఒకటి. నిలువున ఒత్తిడి పడినప్పుడు ఎముక గోడ నలిగి, స్తంభము పాదమునందలి ఉబ్బువలె బుడిపె కట్టుట రెండవది. పచ్చిపుల్లవలె ఒకవైపు మాత్రమే చీలుట మూడవది. పూర్తిగా రెండు ముక్కలగుట అందరిలోను కలదు.

పూర్తిగా విరిగినప్పుడు ఆ విరుపు ఆకారము కారణమును తెలుపును. దీనిని తరగతిలో ఒక సుద్దముక్కతో చూపవచ్చును. సుద్దముక్కను రెండు చివరల పట్టుకొని వంచినచో అడ్డముగా, ఇంచుమించు సమముగా విరుగును. మరియొక ముక్కను, తడిబట్టను పిండునట్లు, రెండు చేతులతో ఎదురెదురుగా మెలిపెట్టినచో విరిగిన అంచు మరమేకు చుట్టువలె ఏటవాలుగా తిరిగియుండును. ఎముక విషయమున కూడ ఇంతే. కఱ్ఱదెబ్బయో, వాహనపు దెబ్బయో సూటిగా తగిలినప్పుడు సాధారణముగా అడ్డు విరుపు కలుగును. పాదము ఒకచోట చిక్కుకొని శరీరము తిరిగినప్పుడు మెలి విరుపు కలుగును. బలము మిక్కిలి ఎక్కువైనప్పుడు ఎముక పలు ముక్కలగును. వైద్యుడు ఛాయాచిత్రమును చూచి, ‘పిల్లవాడు ఎట్లు పడినాడు?’ అని మరల అడుగుట ఇందువలననే.

సుశ్రుతుడు చెప్పినది

మన దేశమున ఎముకల విరుపును శాస్త్రీయముగా వర్ణించిన ప్రాచీన గ్రంథములలో సుశ్రుత సంహిత ముఖ్యమైనది. నిదానస్థానమునందు కీలు తప్పుటను ఆరు విధములుగను, ఎముక విరుగుటను పండ్రెండు విధములుగను విభజించినారు. వానిలో ‘వక్రము’ అనునది వంగిన ఎముక. ‘చూర్ణితము’ పొడియైన ఎముక. అన్ని ఎముకలు ఒకే తీరున చెడవని కూడ ఆ గ్రంథము తెలిపినది: తరుణాస్థులు వంగును, గొట్టపు ఎముకలు విరుగును, పలకవంటి ఎముకలు పగులును. తరుణాస్థి యనగా ముక్కు, చెవి మొదలగు చోట్లనున్న మెత్తని ఎముక. నేడు మృదులాస్థి యందురు. పసితనమున శరీరమంతటను మృదులాస్థి పాలు ఎక్కువని తెలిసిన వారికి ఆ పేరు ఎంత తగినదో బోధపడును.

చికిత్సాస్థానమునందలి సంగతులు ఇంకను గమనింపదగినవి. బాల్యమున ఒక నెలలో అతుకు ఎముక, నడివయసున రెండు నెలలకు, ముసలితనమున మూడు నెలలకు గట్టిపడునని చెప్పబడినది. నేటి లెక్కలకు ఇది దూరము కాదు. పురిటి బిడ్డ తొడ ఎముక రెండు మూడు వారములలో అతుకును. చిన్నపిల్లలకు నాలుగారు వారములు, కౌమార వయస్కులకు పది పండ్రెండు వారములు పట్టవచ్చును. మర్రి, రావి, మేడి, మోదుగ మొదలగు చెట్ల బెరడులను, వెదురును బద్దలుగా వాడుమని చెప్పుటయు, తొడయో పిక్కయో విరిగినవానిని కదలనీయక పలకపై పరుండబెట్టి అటునిటు మేకులు దిగగొట్టి కట్టు విధానమును వర్ణించుటయు అందులో కలవు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట మరియొకటి. కట్టు వదులైనచో అతుకు నిలువదు. బిగువైనచో వాపు, నొప్పి కలిగి చర్మము పాకమునకు వచ్చునని సుశ్రుత సంహిత హెచ్చరించినది. చలికాలమున ఏడు దినములకు, సమశీతోష్ణ కాలమున ఐదు దినములకు, ఎండకాలమున మూడు దినములకు కట్టు విప్పి మరల కట్టవలెనని నియమము పెట్టినది. ఈ హెచ్చరికను మరచిన చోటనెల్ల పిల్లలు కాళ్ళు పోగొట్టుకొనిరి. ఆ సంగతి ముందు వచ్చును.

ఎఱ్ఱని ఎముకలు

ఎముక ఎక్కడ పెరుగును? చెట్టు కొమ్మవలె చివరనా, లేక రబ్బరువలె అంతట సాగియా? ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అను మతాచార్యుడు ఈ ప్రశ్నను ఒక కోడిపిల్లతో పరీక్షించి, 1727లో ప్రకటించెను. ఎదుగుచున్న కోడిపిల్ల కాలి ఎముకకు అర అంగుళము ఎడముగా రెండు సన్నని రంధ్రములు పొడిచెను. రెండు నెలల తరువాత చూడగా ఎముక ఒక అంగుళము పొడవు పెరిగినది. రంధ్రముల మధ్య దూరము మాత్రము అర అంగుళముగనే ఉన్నది. అనగా ఎముక నడుమ సాగలేదు, చివరలయందే పెరిగినది.

తరువాతి ఘట్టమునకు తెలుగు తీరముతో సంబంధము కలదు. మచిలీపట్నము మొదలగు కోరమండల్ తీరపు రేవులనుండి రంగుల అద్దకపు బట్టలు ఐరోపాకు విరివిగా ఎగుమతి అగుచుండెను. వానిలోని ఎఱ్ఱరంగు మన చిరివేరునుండి వచ్చినది. ఆ బట్టలను అనుకరింపబూనిన ఐరోపా కార్ఖానాల వారు చిరివేరు దొరకక తమ దేశపు మంజిష్ఠ జాతి వేరును వాడిరి. రెండు వేళ్ళలోను ఎఱ్ఱదనమునకు కారణమైన పదార్థము అలిజరిన్. 1736లో లండనునందలి జాన్ బెల్చియర్ అను శస్త్రవైద్యుడు అట్టి అద్దకపు కార్ఖానా యజమాని ఇంట భోజనమునకు పోయెను. వడ్డించిన పందిమాంసములో ఎముకలు ఎఱ్ఱగా ఉండుట చూచి ఆశ్చర్యపడెను. విచారింపగా, రంగు వేసిన బట్టలను శుభ్రపరచుటకు వాడిన తవుడును ఆ పందులకు మేపిరని తెలిసెను. ఆ రంగు క్రొత్తగా ఏర్పడు ఎముకను పట్టుకొనును. పాత ఎముకను పట్టదు. ఎముక పెరుగుదలను కంటితో చూచుటకు ఒక సాధనము దొరకినది.

ఫ్రాన్సులో డుహామెల్, ఇంగ్లండులో జాన్ హంటర్ ఈ వేరును మేతలో ఇచ్చుచు, మానుచు పరీక్షలు చేసిరి. హంటర్ పందిపిల్ల కాలి ఎముకలో రెండు సీసపు గుండ్లను ఉంచి హేల్స్ ఫలితమును మరల రుజువు చేసెను. ఎముక పొడవు పెరుగునది చివరలనున్న మృదులాస్థి పొరవద్దనే యని స్థిరపడెను. దీనిని పెరుగుదల ఫలకము అనవచ్చును. కాలి పొడవు ముఖ్యముగా మోకాలికి పైన, క్రింద నున్న రెండు ఫలకముల వలన పెరుగును. తొడ ఎముక దిగువ ఫలకము ఏడాదికి ఇంచుమించు ఒక సెంటిమీటరు, పిక్కలోని పెద్ద ఎముకయైన అంతర్జంఘిక ఎగువ ఫలకము ఆరు మిల్లీమీటర్లు పెంచును. బాలికలకు పదునాలుగేండ్లకు, బాలురకు పదునారేండ్లకు అటునిటుగా ఈ ఫలకములు ఎముకగా మారి పెరుగుదల నిలిచిపోవును.

కట్టు కట్టువారు

శాస్త్రము ఇట్లు సాగుచుండగా, విరిగిన కాలును నిజముగా కట్టినవారు వేరు. అన్ని దేశములలోను ఎముకలు కట్టు కుటుంబములుండెను. మనలో ‘పుత్తూరు కట్టు’ ప్రసిద్ధము. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు వద్ద ఒక కుటుంబమువారు పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి తరతరములుగా ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డతో కట్టుకట్టుచున్నారు. తెలుగు, తమిళ దేశములనుండి జనులు అచ్చటికి పోవుట వాడుక.

ఇట్టి కుటుంబమునుండియే ఆధునిక ఎముకల వైద్యమున ఒక ముఖ్య సాధనము పుట్టినది. లివర్‌పూల్ నగరపు హ్యూ ఓవెన్ థామస్ వేల్సు దేశపు కట్టుకట్టువారి వంశమున జన్మించెను. తండ్రి ఆ వృత్తివాడే. కుమారుడు వైద్య కళాశాలలో చదివి, వంశపు నేర్పును శాస్త్రముతో కలిపెను. ఇనుప కడ్డీతో చేసిన ఆయన కాలి చట్రము 1875లో వెలువడిన గ్రంథమున వర్ణింపబడినది. మొదటి ప్రపంచయుద్ధమున తొడ విరిగిన సైనికులను ఈ చట్రములో కదలకుండ బిగించి ఆసుపత్రికి చేర్చుట మొదలైన పిమ్మట మరణములు ఎంతయో తగ్గెను. విరిగిన కాలును ముందు కదలకుండ చేసి, తరువాతనే రోగిని కదల్పవలెనను పాఠము నాటినుండి స్థిరమైనది.

నెదర్లాండ్స్ సైనిక వైద్యుడు మథైసన్ 1852లో ప్లాస్టరు పొడి చల్లిన గుడ్డ పట్టీలతో కట్టుకట్టు విధానమును ప్రకటించెను. నీటిలో తడిపి చుట్టినచో కొలది నిమిషములలో రాయివలె గట్టిపడును. మన జనులు దీనినే పిండికట్టు, సిమెంటుకట్టు అందురు. నేటికిని పిల్లల కాళ్ళకు ఎక్కువ భాగము ఇదియే చికిత్స. బడి ఈడు పిల్లల తొడ ఎముకకు మాత్రము, 1980 ప్రాంతమున ఫ్రాన్సులోని నాన్సీ నగర వైద్యులు ప్రచారములోనికి తెచ్చిన వంగెడు సన్నని మేకులను, పెరుగుదల ఫలకమును తాకకుండ, ఎముక గొట్టములోనికి ఎక్కించుచున్నారు. నెలల తరబడి బరువులు వ్రేలాడదీసి పరుండబెట్టు అవసరము దీనివలన తగ్గినది.

కట్టు ఏదైనను ప్రమాదము ఒక్కటే. ఎముక విరిగిన మొదటి రెండు మూడు దినములలో కాలు వాచును. లోపల వాపు పెరుగుచుండగా వెలుపలి కట్టు సడలదు. పిక్కలోని కండరములు దళసరి పొరల సంచులలో బిగింపబడియున్నవి. సంచిలో ఒత్తిడి పెరిగినచో సన్నని రక్తనాళములు మూసికొనిపోవును. రక్తము అందని కండరము ఇంచుమించు ఆరు గంటలలో తిరిగి కోలుకొనని స్థితికి వచ్చును. తరువాత పాదము నల్లబడి కుళ్ళును. ప్రాణము దక్కించుటకు కాలు తీసివేయవలసి వచ్చును. అనుభవము లేనివాని చేతి బద్దల కట్టు వలన ఇట్లు కాళ్ళు పోయిన పిల్లల ఉదంతములు మన దేశపు వైద్య పత్రికలలో పలుమార్లు వెలువడినవి. ప్లాస్టరు కట్టు క్రిందను ఇది జరుగవచ్చును. ఎముక సహజముగా అతుకునదే. అతికిన ఎముకకు కాలు మిగులుట కట్టు కట్టిన తరువాతి జాగ్రత్తను బట్టి ఉన్నది.

కనబడని గాయము

1895 నవంబరులో రంట్‌గెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. మూడు నెలలు తిరుగకమునుపే, 1896 ఫిబ్రవరిలో, థామస్ మేనల్లుడైన రాబర్ట్ జోన్స్, భౌతిక శాస్త్రజ్ఞుడు ఆలివర్ లాడ్జి సహాయముతో, ఒక బాలుని మణికట్టులో దూరిన తుపాకిగుండును ఛాయాచిత్రమున చూపెను. నాటినుండి తడిమి ఊహింపవలసిన విరుపును కన్నులార చూచుట సాధ్యమైనది.

కాని పిల్లల విషయమున ఎక్స్-కిరణములకు ఒక కొరత కలదు. పెరుగుదల ఫలకము మృదులాస్థి గాన ఛాయాచిత్రమున నీడ పడదు. ఎముక చివర నల్లని గీతవలె ఖాళీగా కనబడును. ఫలకమునకు తగిలిన దెబ్బ కొన్ని వేళల అసలే కనబడదు. కెనడాలోని టొరంటో నగరపు బాలల ఆసుపత్రికి చెందిన సాల్టర్, హారిస్ అను వైద్యులు 1963లో ఈ గాయములను ఐదు తరగతులుగా విభజించిరి. ఫలకము వెంబడి మాత్రము జారినది తేలిక. ఫలకమును అడ్డముగా దాటి కీలులోనికి పోయినది కష్టము. ఫలకము నలిగిపోయినది చివరి తరగతి, మొదట గుర్తించుట మిక్కిలి కష్టమైనది. నలిగిన చోట పెరుగుదల ఆగును. ఒకవైపే ఆగినచో ఎముక వంకర పెరుగును. అంతట ఆగినచో కాలు పొట్టిదగును. పిల్లవాని వయసు ఎంత తక్కువైనచో నష్టము అంత ఎక్కువ. ఏలయనగా పెరుగవలసినది ఇంకను ఎక్కువగా ఉన్నది.

ఎముక నడిమి భాగము విరిగినప్పుడు ప్రకృతి ఉదారముగా నుండును. కొంత వంకరగా అతికినను కొన్నియేండ్లలో తనంతట సరిదిద్దుకొనును. అయితే మెలితిరిగి అతికిన ఎముక ఇట్లు సరిపడదు. పాదము లోపలికో వెలుపలికో తిరిగియే ఉండును. తొడ ఎముక విరిగిన తరువాత రక్తప్రసారము హెచ్చి, రెండు మొదలు పదేండ్ల పిల్లలలో ఆ కాలు రెండవ కాలికంటె ఒకటి రెండు సెంటిమీటర్లు ఎక్కువ పెరుగుటయు కలదు. అందువలననే వైద్యులు ఒక్కొక్కప్పుడు ముక్కలను కొంచెము ఒకదానిపై నొకటి ఎక్కియుండగనే అతుకనిత్తురు. తెలియని తల్లిదండ్రులు దీనిని చేతగానితనమని తలచుట న్యాయము కాదు.

వయసునుబట్టి విరుపు

నడక నేర్చిన పిల్లవాడు, అనగా తొమ్మిది నెలలకు, మూడేండ్లకు నడుమనున్నవాడు, చాపలో కాలు చిక్కుకొని తిరిగిపడినను అంతర్జంఘికలో సన్నని మెలి విరుపు కలుగవచ్చును. వాపు అంతగా ఉండదు. బిడ్డ కాలు మోపడు, అంతే. మొదటి ఛాయాచిత్రమున కనబడక, పది దినముల తరువాత క్రొత్త ఎముక ఏర్పడినప్పుడు బయటపడుట కలదు. 1964లో డన్‌బార్ మొదలగువారు దీనిని వివరించిరి. ఉద్యానవనములలో పెద్దలు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని జారుడుబల్లపై జారునప్పుడు కూడ ఇది జరుగును: బిడ్డ పాదము బల్ల అంచున ఆగును, పెద్దవారి బరువు ఆగదు. ముద్దుచేయబోయి చేయు హాని ఇది.

నాలుగు మొదలు పదేండ్లవారికి ఎత్తునుండి పడుటయు, వాహనములును ముఖ్య కారణములు. జామచెట్టు, మామిడిచెట్టు, పిట్టగోడలేని మేడ, సంక్రాంతి గాలిపటము, కొండవాలు ఇండ్ల నిట్టనిలువు మెట్లు విశాఖ పరిసరములకు సహజములు. వాహనపు బంపరు పెద్దవాని మోకాలి క్రింద తగులును. చిన్నవాని తొడకు తగులును. కావున రోడ్డు దాటుచు వాహనము తగిలిన పిల్లవానికి తొడ విరుగుటతోపాటు, పొట్టకు, ఎగిరిపడుట వలన తలకు కూడ దెబ్బ తగిలియుండవచ్చును. కాలు మాత్రమే చూచి ఊరకుండరాదు.

సైకిలు వెనుక కూర్చున్న పిల్లవాని మడమ చక్రపు చువ్వలలో చిక్కుకొనుట మన దేశమున తరచు జరుగునది. చర్మము చీరుకొనిపోవుట, చీలమండ ఎముకలు విరుగుట రెండును కలుగును. మోటారు సైకిళ్ళ వెనుక చక్రమును సగమునకు తగ్గకుండ కప్పు అడ్డు ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు విధించినవి. సైకిలుకు కూడ అట్టి వల అమర్చుట కష్టము కాదు. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్ల లోపు పిల్లలను మోటారు సైకిలుపై తీసికొనిపోవునప్పుడు రక్షణపట్టీ, శిరస్త్రాణము ఉండవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2022లో నియమము చేసిరి.

పండ్రెండు మొదలు పదునైదేండ్లవారిలో ఫలకములు మూసికొనుట మొదలగును. కబడ్డీలో, ఫుట్‌బాలులో చీలమండ మెలితిరిగినప్పుడు పెద్దలకు స్నాయువు తెగు చోట ఈ వయసువారికి ఎముక చివరి ముక్క ఊడివచ్చును. ఎత్తునకు ఎగిరి దూకు బాలురకు మోకాటి చిప్ప క్రింది ఎముక గుబ్బ ఊడుటయు కలదు.

ఎముకయే బలహీనమైనప్పుడు

స్వల్పమైన దెబ్బకే కాలు విరిగినచో ఎముక బలమును గూర్చి విచారింపవలెను. సూర్యరశ్మి, డి విటమిను, కాల్షియము చాలని పిల్లలకు రికెట్సు వచ్చి కాళ్ళు వంగును. పోలియో వలన చచ్చుబడిన కాలిలో కండరము పనిచేయదు గాన ఎముకయు సన్నబడి సులభముగా విరుగును. విశాఖపట్నమున పోలియో బాధితులకు శస్త్రచికిత్సలు చేసిన డాక్టరు సుంకర వెంకట ఆదినారాయణరావుకు 2022లో పద్మశ్రీ లభించినది. మన దేశమున చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైనది. 2014 మార్చిలో దేశము పోలియోరహితమని ధ్రువీకరింపబడినది.

నీటిలో ఫ్లోరైడు మించినచో ఎముక చూచుటకు దళసరియైనను గుణము చెడును. నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ఉన్నదని 1937లో షార్టు మొదలగు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతపు పిల్లలలో మోకాళ్ళు లోపలికి వంగుటను 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి వర్ణించిరి. త్రాగు నీరు మార్చుటయే దీనికి నివారణ.

చెప్పని కారణము

1946లో అమెరికాలో జాన్ కాఫీ అను ఎక్స్-కిరణ వైద్యుడు ఆరుగురు పసిబిడ్డలను గూర్చి ప్రకటించెను. వారి తలలో రక్తము గడ్డకట్టియుండెను. వానితోపాటు కాళ్ళు చేతుల ఎముకలలో వేర్వేరు కాలములలో అతికిన విరుపులు కనబడెను. తల్లిదండ్రులు ఏ దెబ్బయు తగులలేదనిరి. 1962లో కెంప్, ఆయన సహచరులు ఈ చిక్కును విప్పి, ఇవి ఇంటిలో కొట్టుట వలన కలిగిన గాయములని నిస్సంకోచముగా వ్రాసిరి. ఇంకను నడవని బిడ్డకు తొడ ఎముక విరుగుట, చెప్పిన కథకు విరుపు ఆకారము పొసగకుండుట, పాత విరుపులు కూడ కనబడుట, ఆసుపత్రికి ఆలస్యముగా తెచ్చుట: ఇవి వైద్యుని హెచ్చరించు గుర్తులు. ప్రతి విరుపునకు తల్లిదండ్రులను అనుమానించుట తగదు. ఎముకల పెళుసుదనము పుట్టుకతో వచ్చు వ్యాధియు ఒకటి కలదు. కాని మాటలు రాని బిడ్డ పక్షమున సాక్ష్యము చెప్పునది ఆ ఎముక ఒక్కటియే.

బడిలో కఱ్ఱతో కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. పిల్లవాడు ఇంట హింసపడుచున్నాడని తోచినప్పుడు ఉపాధ్యాయుడు 1098 సంఖ్యకు తెలుపవచ్చును.

బడిలో చేయవలసినది

ఆటస్థలములో పిల్లవాడు పడి కాలు మోపలేకున్నచో, అది విరుపే యని తలచి నడుచుకొనుట క్షేమము. పెరుగుచున్న వయసున పెరుగుదల ఫలకము కీలును పట్టియుంచు స్నాయువులకంటె బలహీనము. కావున పెద్దవానికి బెణుకగు దెబ్బ పిల్లవానికి ఫలకపు విరుపు కావచ్చును. ‘బెణికినది, తైలము రాసి లాగుము’ అను సలహా ఇచ్చట ప్రమాదకరము.

కాలును లాగరాదు, పిసుకరాదు. విరిగిన కాలు ప్రక్కన పొడవైన కఱ్ఱబద్ద గాని, గొడుగు గాని, మందముగా మడచిన వార్తాపత్రిక గాని ఉంచి, విరుపునకు పైకీలును, క్రిందికీలును కదలకుండ మెత్తని గుడ్డతో కట్టవలెను. ఏదియు దొరకనిచో రెండు కాళ్ళ నడుమ గుడ్డ పెట్టి కలిపి కట్టినను చాలును. రక్తము కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో నొక్కి ఉంచవలెను. మత్తుమందు ఇయ్యవలసి రావచ్చును గాన అన్నపానీయములు ఇయ్యరాదు. 108కి కబురు చేయవలెను.

కట్టు కట్టించుకొని వచ్చిన పిల్లవానిని కూడ చూచుచుండవలెను. కాలివ్రేళ్ళు కట్టు వెలుపల కనబడుచుండవలెను. అవి వెచ్చగా, సహజ వర్ణముతో ఉన్నవా? తాకినచో తెలియుచున్నదా? తానే కదపగలడా? వ్రేళ్ళు పాలిపోయినను, నీలమైనను, మొద్దుబారినను, నొప్పి తగ్గుటకు మారుగా గంటగంటకు హెచ్చినను, వ్రేలిని మెల్లగా పైకెత్తినంతనే బాధతో అరచినను, తెల్లవారు వరకు ఆగరాదు. ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చి కట్టు విప్పించవలెను. విరుపు కీలు దగ్గరిదైనచో, అతికిన పిమ్మట కూడ ఏడాది రెండేండ్లపాటు వైద్యునకు చూపుచు, రెండు కాళ్ళ పొడవును సరిచూడవలెను.

బిగువు కట్టును గూర్చి సుశ్రుత సంహిత చెప్పిన హెచ్చరికయు, నేటి ఆసుపత్రిలో తల్లికి చెప్పు హెచ్చరికయు ఒకటే. నడుమ వచ్చిన జ్ఞానము ఆ హెచ్చరికకు కారణమును చూపినది. ఆ కారణము తెలిసిన ఉపాధ్యాయుడు బడికి ఒకడున్నను, ఆ ఊరి పిల్లలు కొందరైనను తమ రెండు కాళ్ళమీద సరిగా నిలిచి పెరుగుదురు.